రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు

వార్షిక సంచికలయందు పూర్వపురుషుల స్తుతి సులభము, విచారము దుర్లభము. కృష్ణాతీరమున ఐశ్వర్యమునకు మారుపేరైన అమరావతీ ప్రభువు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి చరిత్రమును గుణదోషములు రెండును తెలియునట్లు మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు కమ్మకులమున వాసిరెడ్డివారి వంశమునందు జనించి, 1783 వ సంవత్సరమున జమీందారీ భారమును వహించిరి. అప్పటి రాజధాని కృష్ణాతీరమందలి చింతపల్లి. గుంటూరు సర్కారు 1788 లో నైజామువారి చేతినుండి ఇంగ్లీషు కుంపిణీవారి వశమాయెను. ప్రభువులు మారినను పద్ధతి మారలేదు. రైతు పండించిన పంటలో భాగమును గైకొని, అందుండి సర్కారునకు పేష్కషు చెల్లించి, శేషమును తన ధనాగారమున చేర్చుకొనుటయే జమీందారుని వృత్తి. నాగళ్లు వేలు, ధనాగార మొక్కటి. ఆ మహైశ్వర్యము పుట్టిన విధ మిదియే.

ఆ ధనమును వారు పాతిపెట్టినవారు కారు. చింతపల్లిని విడిచి అమరావతియందు నూతన పట్టణమును నిర్మించి, వర్తకులను విద్వాంసులను రావించి నివాసస్థలము లొసగిరి. అమరేశ్వరాలయము నుద్ధరించి అర్చకులకు మాన్యము లిచ్చిరి. మంగళగిరియందు నృసింహస్వామి సన్నిధిని 1807 మొదలు 1809 వరకు శ్రమించి 11 అంతస్తులు, 153 అడుగుల యెత్తు గల గాలిగోపురము నెత్తించిరి. విజయవాడనుండి గుంటూరునకు పోవు బాటసారి దానిని చూచి చేతులు జోడింపక పోడు.

ఇక రెండవ పార్శ్వము. దారిదోపిడి చేయుచున్నారని చెంచులను విందు నెపమున రప్పించి శిరచ్ఛేదము గావించిరనియు, ఆ స్థలమే నరుకులపాడాయెననియు ఐతిహ్యము. పిమ్మట భోజనమునకు కూర్చున్నప్పు డెల్ల అన్నము పురుగులై కనబడగా, ప్రభువు అమరేశ్వరుని శరణుజొచ్చి శాంతి పొందెనని పెద్దలు చెప్పుదురు. కథలో అత్యుక్తి యుండిన నుండుగాక. ప్రభువు పశ్చాత్తాపము ఆలయములై నిలిచినది. హతులైన చెంచులలో ఒక్కని పేరైనను మనకు దక్కలేదు. ధనవంతుని దుఃఖమునకే స్మారకము లుండుట లోకరీతి కాబోలు!

పట్టణమునకు ఇటుకలు, రాళ్లు కావలసి దీపాలదిన్నెను త్రవ్వగా ప్రాచీన బౌద్ధస్తూపము బయల్పడెను. కుంపిణీ సేనలోని కాలిన్ మెకంజీ 1797 ప్రాంతమున వచ్చి దానిని చూచెను. చెక్కడపు పలకలు పెక్కులు కట్టడములలో కలిసి రూపుమాసెను. మిగిలినవానిలో అనేకములు చెన్నపట్టణపు, లండను నగరపు ప్రదర్శనశాలలను చేరినవి. ఒకరి కీర్తికై వేరొక కాలపు కీర్తి శిథిలమైనది.

1816 లో నాయుడుగారు పరమపదించిరి. ఔరససంతానము లేమి 1798 లో జగన్నాథబాబును, 1807 లో రామనాథబాబును దత్తత చేసికొనియుండిరి. ఇంక వ్యాజ్యములకు కొదవ యేమి? అవి సముద్రములు దాటి ప్రీవీకౌన్సిలువరకు పోయెను. మొదటి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846 లో తీర్పాయెను. రంగమ్మ, అచ్చమ్మల పేరులతో ప్రసిద్ధమైన యా తీర్పును ధర్మశాస్త్ర విద్యార్థులు చదువుచునే యున్నారు. సంస్థానము మాత్రము బాకీలతో వ్యాజ్యములతో క్షీణించినది. మూడు దశాబ్దములు ప్రోగుచేసిన సంపద మూడు దశాబ్దముల తగవునకు చాలినది.

ఈ నడుమనే నందన సంవత్సరమున, అనగా 1832-33 లో, గుంటూరుసీమను మహాక్షామము పీడించెను. లక్షకు పైగా జనులు ఆకలికి బలియైరి. ప్రక్కనే కృష్ణవేణి పారుచుండెను. ఆ నీటిని పొలమునకు మళ్లించువారు లేకపోయిరి. విజయవాడ యొద్ద ఆనకట్ట 1852 లో ఆరంభమై 1855 లో పూర్తియగువరకు ఈ సీమ వర్షమును నమ్ముకొనియే యుండెను. ఆ లోపము నాయుడుగారి యొక్కరిదే యనుట అన్యాయము. కుంపిణీవారును అంతవరకు మేల్కొనలేదు. అయినను రైతునుండి వచ్చిన ధనము రైతు పొలమునకు కాలువయై తిరిగిరాలేదన్నది సత్యము.

ఆనకట్ట పుణ్యమున మనలో పెక్కుకుటుంబములు శ్రీమంతము లైనవి. దానము చేయుట మంచిదే. ఎవరి కష్టమునుండి వచ్చినదో వారికి కొంత తిరిగి చేరునట్లు చేయుట అంతకన్న మంచిది. వేంకటాద్రి నాయుడుగారి ఔదార్యమును మనము స్మరింతుము గాక; నరుకులపాడును మరువకుందుము గాక. ఇదియే మా విన్నపము.