ఎకరం రెండు సెంట్లు

దక్షిణ టెక్సాస్ పాత మ్యాపులు చూస్తే భూములకి ఎటు చూసినా స్పానిష్ పేర్లే. వాటిలో ఒకటి రింకాన్ దె శాంటా గెర్ట్రూడిస్. ఓ వాగు పక్కన 15,500 ఎకరాలు. 1853లో హువాన్ మెండియోలా వారసుల నుంచి రిచర్డ్ కింగ్ దాన్ని 300 డాలర్లకు కొన్నాడు. ఎకరానికి రెండు సెంట్లు కూడా పడలేదు! (మన దగ్గర సెంటంటే నేల కొలత, అక్కడ చిల్లర.) సరిహద్దు మారి మెక్సికో నేల అమెరికా పాలయ్యాక, ఆ వారసులకి బేరమాడే బలం ఎంతుంటుంది?

కింగ్ కూడా ఉన్నవాడేం కాదు. 1824లో న్యూయార్క్‌లో పేద ఐరిష్ ఇంట్లో పుట్టాడు. నగల పనిలో పెడితే పదకొండేళ్లకే ఓడలో దాక్కుని పారిపోయాడు. పడవల మీదే పెరిగి స్టీమ్‌బోట్ కెప్టెన్ అయ్యాడు.

కరువులో ఉన్న క్రూయ్యాస్ అనే మెక్సికో ఊరికెళ్లి పశువులన్నీ కొనేశాడు. మరి పశువుల్లేని ఊరు ఎలా బతుకుతుంది? ఆ జనాన్నీ వెంట తెచ్చుకున్నాడు. వాళ్లే కినేన్యోలు. ర్యాంచ్ నడిచింది వాళ్ల చేతుల మీదే, భూమి కాగితాల్లో మాత్రం వాళ్లు లేరు.

1885లో కింగ్ పోయేనాటికి ఆరు లక్షల ఎకరాలు, ఐదు లక్షల డాలర్ల అప్పు. ఆ అప్పు తీర్చింది భార్య హెన్రియెట్టా, అల్లుడు రాబర్ట్ క్లెబర్గ్ సాయంతో. 1925లో ఆమె పోయేసరికి ర్యాంచ్ పది లక్షల ఎకరాలు దాటింది. నన్నడిగితే అసలు కథ ఆవిడదే.

తర్వాత అక్కడే షార్ట్‌హార్న్, బ్రాహ్మణ్ పశువుల్ని కలిపి శాంటా గెర్ట్రూడిస్ జాతిని తయారుచేశారు. ఆ బ్రాహ్మణ్‌లో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. కాకపోతే అక్కడ దాని పేరు నెలోర్, అంటే మన నెల్లూరే.