ఆకాశంలో ఇల్లు తలచిన బడిపంతులు

కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ 1857లో రష్యాలోని ఇజెవ్‌స్కోయే గ్రామంలో జన్మించారు. పదేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరం సోకి వినికిడి బాగా దెబ్బతింది. బడి చదువు మధ్యలోనే ఆగింది. పదహారేళ్లప్పుడు తండ్రి మాస్కో పంపితే, రొట్టెతో కడుపు నింపుకొని, మిగిలిన డబ్బు పుస్తకాలకు పెట్టి, గ్రంథాలయంలో కూర్చుని గణితం, భౌతికశాస్త్రం సొంతంగా నేర్చుకున్నారు. ఆపై బడిపంతులై, 1892 నుండి కలూగా పట్టణంలో స్థిరపడ్డారు.

రాకెట్‌తో అంతరిక్షం చేరవచ్చని 1903లో లెక్కకట్టి చూపారు. అక్కడితో ఆగలేదు. భూమి చుట్టూ తిరిగే ఇంట్లో మనిషి ఎలా బతకాలి? శక్తికి ఎండ, తిండికీ ప్రాణవాయువుకూ మొక్కలు, శరీరానికి బరువు తెలిసేందుకు ఇంటినే గుండ్రంగా తిప్పడం – ఇలా ఒక్కొక్కటే ఆలోచించి రాశారు. చాలాకాలం పట్టించుకున్నవారు తక్కువ. 1908లో ఓకా నది వరద ఇంటిని ముంచినా కలం వదల్లేదు.

1935 సెప్టెంబరు 19న కలూగాలో కన్నుమూశారు. అప్పటికింకా ఏ రాకెట్టూ అంతరిక్షం చేరలేదు. 1971లో సోవియట్ యూనియన్ తొలి అంతరిక్ష కేంద్రం సల్యూట్-1ను పంపింది. 2000 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తొలి బృందం అడుగుపెట్టింది. దానికి కరెంటు ఎండ నుండే.

చెవులు సరిగా వినిపించని బిడ్డను చదువుకు పనికిరాడని పక్కన పెట్టేముందు, ఈ పంతులుగారిని ఒక్కసారి తలచుకుందాం.