వడ్రంగి కొడుకు కట్టిన విమానాలు

పాతకాలపు ప్లాస్టిక్ కిట్లతో బొమ్మ విమానాలు కట్టడం నాకు అలవాటు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు ఫోన్ చేసిన రోజు నా బల్ల మీద సగం అతికిన హాకర్ ఫ్యూరీ ఉంది. మ్యాచ్‌బాక్స్ వాళ్లు 1970లలో తెచ్చిన కిట్ అది. అసలు విమానంలో 72వ వంతు, రెక్కల వెడల్పు 5 అంగుళాలు. పై రెక్కను సన్నటి పుల్లల మీద నిలబెట్టి, రెండు రెక్కల నడుమ తీగలు కట్టాలి. మిగిలిన ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది. ఒక్క పుల్ల వంగినా రెక్క ఒరిగిపోతుంది. అసలు ఫ్యూరీని రూపొందించిన సిడ్నీ కామ్ కూడా బొమ్మ విమానాలతోనే మొదలుపెట్టారు. ఇది ఆయన కథ.

కామ్ 1893 ఆగస్టు 5న ఇంగ్లండ్‌లోని విండ్సర్‌లో పుట్టారు. తండ్రి వడ్రంగి. పన్నెండు మంది పిల్లల్లో కామ్ పెద్దవారు. 1908లో బడి వదిలి వడ్రంగం నేర్చుకోవడానికి కుదిరారు. యూనివర్సిటీ చదువు లేదు. తమ్ముళ్లతో కలిసి బొమ్మ విమానాలు చేసి ఈటన్‌లోని ఒక దుకాణానికి అమ్మేవారు. పక్కనే ఉన్న ఈటన్ కాలేజీ పిల్లలకు నేరుగా అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుందని తెలిశాక, దుకాణదారుకూ బడి పెద్దలకూ తెలియకుండా ఆ బేరమూ నడిపారు. విండ్సర్‌లో బొమ్మ విమానాల క్లబ్బు పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1912లో ఆ మిత్రులే మనిషిని మోసే గ్లైడర్ కట్టారు.

తర్వాత బ్రూక్‌లాండ్స్‌లోని మార్టిన్ అండ్ హాండసైడ్ కంపెనీలో వడ్రంగిగా చేరి, అక్కడి నుంచి డ్రాయింగ్ ఆఫీసుకు ఎదిగారు. 1921లో ఆ కంపెనీ మూతపడింది. 1923లో హాకర్ కంపెనీలో చేరారు. 1925లో చీఫ్ డిజైనర్ అయ్యేనాటికి ఆయనకు 32 ఏళ్లు.

చెక్క పనితో పైకొచ్చిన మనిషి చెక్కనే పట్టుకుని కూర్చోలేదు. సహచరుడు ఫ్రెడ్ సిగ్రిస్ట్‌తో కలిసి లోహపు గొట్టాలను బిగించి చట్రం కట్టే పద్ధతి తెచ్చారు. చట్రం మీద లినెన్ గుడ్డ కప్పేవారు. మన గద్వాల నేతన్నలు పడుగుకు గంజి పెట్టినట్టు ఆ గుడ్డకు డోప్ అనే పూత పూసేవారు. ఆరాక అది డప్పులా బిగిసేది. 1928లో హార్ట్, 1931లో ఫ్యూరీ ఎగిరాయి. బ్రిటిష్ వైమానిక దళంలో గంటకు 200 మైళ్లు దాటిన తొలి ఫైటర్ ఫ్యూరీయే.

రెండు రెక్కల విమానాలతో అంత పేరొచ్చాక కూడా కాలం మారిందని గుర్తించి ఒంటి రెక్కకు మారారు. 1935 నవంబరు 6న హరికేన్ ఎగిరింది. చేయి తిరిగిన గొట్టాల చట్రాన్ని అందులోనూ ఉంచడంతో ఫ్యాక్టరీల్లో వేగంగా తయారైంది. 1940లో బ్రిటన్ ఆకాశాన్ని కాపాడిన విమానాల్లో వీటి సంఖ్యే ఎక్కువ. మన వైమానిక దళం బర్మా రంగంలో నడిపినవీ హరికేన్లే. 1951లో ఆయన హంటర్ వచ్చింది. 1971 యుద్ధంలో లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను చిత్తు చేసినవి మన హంటర్లు. 1960లో ఆయన బృందం నిలువుగా పైకి లేచే పి.1127ను ఎగరేసింది. దాని సంతతి అయిన సీ హారియర్లు 2016 దాకా మన నౌకాదళంలో పనిచేశాయి.

పని దగ్గర కామ్ చండశాసనుడు. గీత బాగా లేకపోతే ఎవరినీ వదిలేవారు కాదు. 1953లో సర్ బిరుదు వచ్చింది. 1966 మార్చి 12న గోల్ఫ్ ఆడుతుండగా కన్నుమూశారు.

ఈ కథ ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. నా బెంచీ మిత్రుడొకడు ఎనిమిదో తరగతి తర్వాత బాడిస పట్టుకుని తండ్రి వెంట నాగర్‌కర్నూల్ వెళ్లాడు. కాగితం మడిచి విమానం చేస్తే క్లాసులో వాడిదే అందరికన్నా దూరం పోయేది. నేను పదో తరగతి పాసై వనపర్తి పాలిటెక్నిక్‌లో చేరాను. యాభై ఏళ్ల పండుగకు వేసిన పూర్వ విద్యార్థుల జాబితాలో నా పేరుంది, వాడి పేరు లేదు. పదో తరగతి దాటినవాళ్లనే రాసుకున్నాం. కామ్ మన ఊళ్లో పుట్టి ఉంటే ఆయన పేరూ ఉండేది కాదు.

మధ్యలో బడి మానినవాళ్ల పేర్లు పాత హాజరు పట్టీల్లో ఉంటాయి. ఉత్సవానికి ముందే వాటిని తీసి, దొరికిన ప్రతి ఒక్కరినీ పిలుద్దాం. నా మిత్రుడిని తీసుకొచ్చే బాధ్యత నాది.