అయానుల వెలుగును చదివిన ఆచార్యుడు

తెలుగునాట భౌతికశాస్త్ర బోధనకు, పరిశోధనకు పాదులు త్రవ్వినవారిలో ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావుగారు అగ్రగణ్యులు. వారు రాకెట్టును నిర్మించినవారు కారు. అయినను నేడు అంతరిక్షనౌకలను నడుపుచున్న అయాను యంత్రమును విద్యార్థికి బోధింపవలెనన్న, వారు జీవితమంతయు శ్రమించిన విషయమునుండియే పాఠమును ఆరంభింపవలసి యుండును. పరమాణువు ఎలక్ట్రానును కోల్పోయినపుడు ఏమగును? ఒకటి కోల్పోయినదో, రెండు కోల్పోయినదో ఎట్లు తెలియును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే వారికి తపస్సయ్యెను.

రంగధామరావుగారు 1898వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన, ఆనాడు మద్రాసు రాజధానిలో చేరియున్న బరంపురమున జన్మించిరి. విజయనగరమునందలి మహారాజా కళాశాలలో విద్యాభ్యాసము చేసిరి. సర్కారు జిల్లాలలో విశ్వవిద్యాలయమే లేని ఆ దినములలో, ఆ కళాశాలయందు అప్పాద్వేదుల లక్ష్మీనారాయణగారు వర్ణపటశాస్త్రమున పరిశోధనలు సాగించుచుండిరి. తరువాతి కాలమున కొడైకెనాలు సూర్యవేధశాలకు అధిపతియైన ఆ మహనీయుడే రంగధామరావుగారికి పరిశోధనామార్గమును చూపిన గురువు. గురుశిష్యులు కలసి అనేక పత్రములను ప్రకటించిరి. అటుపిమ్మట రంగధామరావుగారు లండను నగరమేగి, ఇంపీరియలు కళాశాలలో ఆల్‌ఫ్రెడ్ ఫౌలరుగారి కడ పరిశోధన చేసిరి. ఐరోపా ఖండమునందలి ఇతర ప్రయోగశాలలలోను పనిచేసి స్వదేశమునకు తిరిగివచ్చిరి.

వారి కృషి ఎట్టిదో తెలియుటకు ఒక చిన్న విషయమును గ్రహించిన చాలును. ప్రతి మూలకమును తనకు ప్రత్యేకమైన రేఖలతో కూడిన కాంతిని వెదజల్లును. ఎలక్ట్రానును కోల్పోయి అయానుగా మారిన వెంటనే దాని రేఖలన్నియు మారిపోవును. రెండవ ఎలక్ట్రాను పోయినచో మరల వేరొక వర్ణపటము ఏర్పడును. విద్యుత్ స్ఫులింగమును ఛాయాచిత్రపు పలకపై పట్టినపుడు ఈ రేఖలన్నియు వందల సంఖ్యలో కలగలిసి యుండును. స్ఫులింగపు తీవ్రతను మార్చిమార్చి, ఏ రేఖ బలపడినదో, ఏది క్షీణించినదో గమనించి, ఏది ఎన్ని ఎలక్ట్రానులు పోయిన పరమాణువుదో నిర్ణయింపవలెను. జెర్మేనియము, ఆర్సెనికము, బ్రోమిను మున్నగు మూలకముల అయానుల విషయమున రంగధామరావుగారు చేసిన పని ఇదియే. ఈ రేఖలలో పెక్కు అతినీలలోహిత భాగమున నుండును. అచటి కాంతిని గాలి మ్రింగివేయును. కావున గాలిని తొలగించిన పాత్రలో అమర్చిన స్పెక్ట్రోగ్రాఫు అవసరమగును.

1926లో స్థాపితమై 1930లో వాల్తేరునకు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, జయపురాధీశులు విక్రమదేవవర్మగారి వదాన్యతచే వైజ్ఞానిక కళాశాల వెలసెను. రంగధామరావుగారు తమ శేషజీవితమును ఆ భౌతికశాస్త్రశాలకే అర్పించిరి. అయానుల వర్ణపటములతో ఆరంభమైన పరిశోధన వారి నాయకత్వమున శాఖోపశాఖలుగా విస్తరిల్లెను. భూమికి పైన సూర్యకాంతిచే అయానులు నిండియుండు అయానో ఆవరణమును గూర్చిన అధ్యయనము అచట వర్ధిల్లెను. శిష్యులు బి. రామచంద్రరావుగారు ఆ రంగమున పేరుపొందిరి. పిమ్మట న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్సు అను నూతన విషయమునందును ఆ శాల ప్రసిద్ధికెక్కెను. ఆచార్యులవారు విశ్వవిద్యాలయ కళాశాలలకు ప్రిన్సిపాలుగా కూడ పనిచేసిరి.

ఇట్టి విద్యకు గొప్ప పరికరములే కావలెనని తలంపరాదు. రాయపూరు, బిలాసపూరుల నడుమ రైలుదారిలో నున్న తిల్దా ధాన్యపు మిల్లులకు పేరుగన్న ఊరు. అట్టి మిల్లులో మోటారును బాగుచేయు పనివాని జేబునందలి టెస్టరులో నియాను వాయువు గల చిన్న దీపముండును. తీగను తాకినపుడు కొన్ని పరమాణువులు అయానులై విద్యుత్తునకు దారి ఇచ్చును. మనకు కనబడు ఎర్రని వెలుగు మాత్రము చాలవరకు, ఎలక్ట్రానుల తాకిడి తగిలియు అయానులు కాని పరమాణువులది. వెలుగును చూచి పరమాణువు స్థితిని చెప్పు విద్యకు ఇదియే ఓనమాలు.

అయాను యంత్రము ఈ పాఠమునకు కొనసాగింపు. జెనాను వాయువును ఎలక్ట్రానులతో తాడించి అయానులుగా చేయుదురు. ఒక్కొక్క పరమాణువునుండి మొదటి ఎలక్ట్రానును ఊడదీయుటకు 12.1 ఎలక్ట్రాను వోల్టుల శక్తి కావలెను. రంధ్రములు గల రెండు పలకల నడుమ వేయి వోల్టులకు పైబడిన పీడనము నుంచినచో, అయానులు సెకనునకు 30 కిలోమీటర్లకు మించిన వేగముతో వెనుకకు దూసుకొనిపోవును; నౌక ముందునకు త్రోయబడును. వెడలిన అయానులకు మరల ఎలక్ట్రానుల నందింపవలెను. లేనిచో నౌక ఋణావేశము పొంది వానిని వెనుకకు లాగును. 1998లో బయలుదేరిన డీప్ స్పేస్-1 నౌక యంత్రపు త్రోపు అత్యధికముగ తొమ్మిది గ్రాముల బరువునకు సమానము. కాని అది 16,000 గంటలకు మించి పనిచేసెను.

ఈ యంత్రమునకు రెండు ఎలక్ట్రానులు కోల్పోయిన అయానులు చేటు. అవి అధికశక్తితో తాకి పలకలను అరగదీయును. అందుచే ప్రయోగశాలలలో యంత్రపు వెలుగును స్పెక్ట్రోగ్రాఫుతో పరీక్షించి, ఏక, ద్వి అయానుల పాళ్లను అంచనా కట్టుదురు. విజయనగరమునను వాల్తేరునను రంగధామరావుగారు అలవరచుకొని శిష్యులకు నేర్పిన విద్యకు ఇది అతి సమీపమైనది.

1964 జులై 20న సెర్ట్-1 నౌకపై అయాను యంత్రము తొలిసారి అంతరిక్షమున పనిచేసెను. అప్పటికి ఆచార్యులవారు జీవించియే యుండిరి. 1972 జూన్ 20వ తేదీన వారు పరమపదించిరి. 1979లో భారత జాతీయ విజ్ఞాన అకాడమీ వారి పేర వర్ణపటశాస్త్రమున స్మారకోపన్యాసమును నెలకొల్పెను. 2017 మే 5న మన దేశము ప్రయోగించిన జీశాట్-9 ఉపగ్రహమున జెనాను అయానులను వెడలజేయు విద్యుత్ చోదకములు అమరియుండెను.

గురువు చేసిన పని శిష్యుల చేతులలో బ్రదుకును. తెలుగు విద్యార్థి ఏ రాష్ట్రమున నున్నను, అయాను యంత్రపు పాఠము పరదేశపు విడ్డూరమని వెనుదీయ నక్కరలేదు. ఆ పాఠపు తొలి పుటలు తొంబదియేండ్ల క్రిందటనే వాల్తేరు సముద్రతీరమున తెరువబడినవి.