మత్సుదైరా ఫుమై

మత్సుదైరా ఫుమై (1751 - 1818) జపాన్ దేశానికి చెందిన సంస్థానాధీశుడు, తేనీటి వేడుకలో ఆచార్యుడు. ఆ వేడుకలో వాడే ప్రాచీన పాత్రలను సేకరించినవారిలో అగ్రగణ్యుడు. ఈయన అసలు పేరు మత్సుదైరా హరుసతో. ప్రసిద్ధమైన పాత తేనీటి పాత్రలను ఈయన విభజించిన తరగతుల పేర్లతోనే నేటికీ వ్యవహరిస్తున్నారు.

నేపథ్యం

జపాన్‌లో తేనీటి వేడుకను చనోయు అంటారు. మెత్తని పచ్చ తేయాకు పొడిని వేడినీటిలో వెదురు కుంచెతో చిలికి అతిథికి అందించడం ఇందులో ప్రధానమైన క్రియ. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ దీనికి నిరాడంబరమైన రూపాన్నిచ్చాడు. తేనీటి గిన్నె, పొడిని ఉంచే చిన్న మట్టి భరిణె, నీటి కుండ మొదలైనవి ఇందుకు కావలసిన పాత్రలు. వీటిలో పేరుపొందినవాటికి మనుషులకు వలె పేర్లుంటాయి. ఒక పాత్ర ఎవరెవరి చేతులు మారి వచ్చిందన్న చరిత్ర కూడా దాని విలువలో భాగమే.

జీవితం, పరిపాలన

ఫుమై 1751లో ఎడో నగరంలో (నేటి టోక్యో) జన్మించాడు. తండ్రి మునెనోబు పశ్చిమ జపాన్‌లోని మత్సుయె సంస్థానానికి ఆరవ ప్రభువు. 1767లో తండ్రి గద్దె దిగగా ఫుమై ఏడవ ప్రభువయ్యాడు. సాలీనా 1,86,000 కోకుల బియ్యపు దిగుబడిగా లెక్కగట్టిన ఆ సంస్థానం (ఒక కోకు సుమారు 180 లీటర్లు) అప్పటికే అప్పులలో కూరుకుపోయి ఉంది. మంత్రి అసాహి తంబా ఉద్యోగుల సంఖ్యను, ఖర్చులను తగ్గించి, అప్పుల చెల్లింపును దీర్ఘకాలానికి సర్దుబాటు చేశాడు. జిన్సెంగ్ మూలిక, మైనం వంటి ఉత్పత్తులను సంస్థానం ప్రోత్సహించింది. క్రమంగా ఖజానా కోలుకున్నది.

ఫుమై యౌవనంలోనే జెన్ బౌద్ధాన్ని, సెకిషూ సంప్రదాయపు తేనీటి విద్యను అభ్యసించాడు. 1770లో రాసిన ఒక చిన్న గ్రంథంలో, ఆనాటి తేనీటి వేడుకలు ఆడంబరంగా మారాయని విమర్శించి, ఈ విద్య పాలనకు తోడ్పడాలని వాదించాడు.

సేకరణ

ఆడంబరాన్ని నిరసించిన ఈయనే తరువాత పాత్రలకోసం భారీగా ధనం వెచ్చించడం గమనార్హం. సంస్థానపు ఆదాయానికి మూలం రైతులు చెల్లించే పన్నులే కనుక, ఈ వ్యయాన్ని అప్పులు తీర్చిన పాలకుని కీర్తితో కలిపి చూడవలసి ఉంటుంది.

ఈయన కొన్నవాటిలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది కిజాయెమోన్ ఇదో అనే గిన్నె. ఇది 16వ శతాబ్దంలో కొరియాలో పేరు తెలియని కుమ్మరి చేసినది. దీనికి ఫుమై 550 ర్యోలు (బంగారు నాణేలు) చెల్లించాడు. దీనిని దగ్గర ఉంచుకున్నవారికి కురుపులు లేస్తాయని ఒక కథ ప్రచారంలో ఉండేది.

ఫుమై పాత్రలను కేవలం కూడబెట్టలేదు. 1789 - 1797 మధ్యకాలంలో వెలువడిన 18 సంపుటాల కోకోన్ మెయిబుత్సు రుయిజూ అనే గ్రంథంలో ప్రసిద్ధ పాత్రల బొమ్మలను, కొలతలను, యజమానుల వివరాలను పొందుపరచాడు. అంతవరకు పెద్దల ఇళ్ళలో గోప్యంగా ఉన్న సమాచారం దీనివలన చదువరులకు అందింది. రిక్యూ కాలంనాటికే పేరుపొందినవి ఓమెయిబుత్సు అని, తరువాత కొబోరి ఎన్‌షూ (1579 - 1647) ఎంపిక చేసినవి చూకో మెయిబుత్సు అని విభజించాడు. తన సేకరణకు కూడా తరగతుల వారీగా జాబితా తయారుచేసి, వాటిని దేశసంపదగా భావించి కాపాడవలసిందని కుమారునికి ఆదేశించాడు.

1806లో గద్దె దిగి, ఎడో శివారులోని ఓసాకిలో పలు తేనీటి గదులతో విశాలమైన ఉద్యానవనాన్ని తీర్చిదిద్దాడు. 1818లో ఎడోలో మరణించాడు.

అనంతరం

కిజాయెమోన్ గిన్నెను ఫుమై కుటుంబం క్యోటోలోని దైతోకుజి ఆలయ ప్రాంగణంలోని కొహో-అన్‌కు సమర్పించింది. 1793లో కాలిపోయిన ఆ ఆశ్రమ పునర్నిర్మాణానికి తోడ్పడినవాడు ఫుమై. 1931లో ఈ గిన్నెను చూసిన కళావిమర్శకుడు యానగి సోయెత్సు, ఇది పేదలు నిత్యం అన్నం తినడానికి వాడిన సామాన్యమైన గిన్నె అని, దాని అందం ఆ సామాన్యతలోనే ఉందని ప్రతిపాదించాడు. 1951లో జపాన్ ప్రభుత్వం దీనిని జాతీయ నిధిగా ప్రకటించింది.

కుమారునికిచ్చిన ఆదేశం ఎల్లకాలం నిలవలేదు. సంస్థానాలు రద్దయిన పిదప సేకరణ చెల్లాచెదురైంది. ఫుమై ప్రాణప్రదంగా చూసుకున్న అబురాయా అనే చైనా మట్టి భరిణె టోక్యోలోని హతకెయామా సంగ్రహాలయానికి చేరింది. చేతులు మారిన పాత్రలను గుర్తించడానికి ఫుమై రాసిపెట్టిన వివరాలే ఆధారమయ్యాయి. ఈయన 1779లో కట్టించిన మెయిమెయి-అన్ తేనీటి గృహాన్ని మత్సుయె నగరంలో నేటికీ చూడవచ్చు.