చీరకట్టు మార్చిన జ్ఞానదానందిని

సూరత్ మరమగ్గాలపై నేసిన చీరను తెలుగునాట ఏ దుకాణంలో కొన్నా, దానికి జాకెట్టు, లోపావడా జత చేసుకోవడం నేడు మామూలు. నూట అరవై ఏళ్ల కిందట బెంగాల్‌లో అలా ఉండేది కాదు. గౌరవ కుటుంబాల స్త్రీలు సైతం ఇంట్లో రవిక లేకుండా ఒంటిచీరనే చుట్టుకునేవారు. అంతఃపురం దాటని వారికి అంతకుమించి అవసరమూ రాలేదు. ఆ గడప దాటడానికి తగిన దుస్తులు రూపొందించిన వ్యక్తి జ్ఞానదానందినీ దేవి. ఆమె రవీంద్రనాథ్ ఠాగూర్‌కు వదిన.

1850లో జెస్సోర్ ప్రాంతంలో జన్మించిన ఆమె, బాల్యంలోనే సత్యేంద్రనాథ్‌ను వివాహమాడి ఠాగూర్ల జొరాసంకో భవనానికి కోడలిగా వచ్చారు. ఐసీఎస్‌కు ఎంపికైన తొలి భారతీయుడు ఆయన. 1864లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఉద్యోగానికి వెళ్తూ భార్యను వెంట తీసుకువెళ్లదలచారు. అప్పుడే అసలు చిక్కు ఎదురైంది. ఆమె ఏం ధరించి ఓడ ఎక్కాలి? ఒక ఫ్రెంచి దుకాణంలో ప్రత్యేకంగా దుస్తులు కుట్టించారు. అవి ఎంత గజిబిజిగా ఉన్నాయంటే, మరొకరి సాయం లేనిదే ధరించడం సాధ్యం కాలేదు. ఇంటి కోడలు అందరూ చూస్తుండగా బండి ఎక్కడానికి పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో ఆమె పల్లకీలోనే ఓడ వద్దకు చేరుకున్నారు.

బొంబాయిలో ఆ దంపతులు కొంతకాలం పార్సీ ప్రముఖుడు మానెక్‌జీ కర్సెట్‌జీ ఇంట బస చేశారు. నగరంలోని పార్సీ కుటుంబాలలో అనేకం సూరత్, నవసారి ప్రాంతాల నుంచి తరలివచ్చినవే. ఆ ఇళ్ల స్త్రీలు చీరతోనే నలుగురిలో తిరగడం జ్ఞానదానందినిని ఆకర్షించింది. అయితే వారి కట్టును ఆమె యథాతథంగా అనుకరించలేదు. కుడి భుజం మీది పైటను ఎడమ భుజానికి మార్చారు. దానితో కుడిచేతికి అడ్డు తొలగింది. చీర లోపలికి షెమీజు, జాకెట్టు, లోపావడా చేర్చారు.

1866లో కలకత్తాకు తిరిగివచ్చినప్పుడు ఆమె బండిలోనే ఇంటి ముందు దిగారు. లోపల కలకలం రేగింది. వైస్రాయ్ విందుకు హాజరైనప్పుడు, అక్కడే ఉన్న బంధువు ప్రసన్నకుమార్ ఠాగూర్ అవమానంగా భావించి వెళ్లిపోయారని చెబుతారు. ఆమె వెనక్కి తగ్గలేదు. కొత్త కట్టు నేర్పుతానంటూ 'బామాబోధినీ పత్రిక'లో ప్రకటన ఇచ్చారు. బ్రహ్మసమాజ స్త్రీలు దానిని ఆదరించడంతో 'బ్రాహ్మిక చీర' అనే పేరు స్థిరపడింది.

ముందు కుచ్చిళ్లు పోసి ఎడమ భుజాన పైట వేయడం దక్కనుకు కొత్త కాదు. కనుక నేటి చీరకట్టు అంతా ఆమె సృష్టి అనడం అతిశయోక్తే అవుతుంది.

1877లో ఆమె గర్భిణిగా, ముగ్గురు పసిపిల్లలతో, భర్త తోడు లేకుండా ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. 1885లో పిల్లల కోసం 'బాలక్' పత్రిక ప్రారంభించారు. 1941లో, రవీంద్రుడు మరణించిన కొద్ది వారాలకే కన్నుమూశారు.