పాత పట్టికలో తప్పు దిద్దిన భగవంతం గారు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సభ్యులలో చాలామంది నావలె ఫైళ్ళ మధ్య బతికినవారే. సర్వీసులో ఉండగా ఒక అటెండరు సర్వీసు లెక్కలో పైవారు చేసిన పొరపాటు నా కంటబడింది. నోటు పెట్టడానికి చేయి రాలేదు. అతనికి పెన్షను తగ్గింది. ఆ జంకు లేని ఒక తెలుగువాని జీవితం ఈ సంచికకు తగునని తలచి వ్రాస్తున్నాను.

ఆచార్య సూరి భగవంతం గారు 1909 అక్టోబరు 14న నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఎస్సీ. చదివి, 1928లో కలకత్తా వెళ్ళి రామన్ గారి వద్ద పరిశోధనలో చేరారు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

ఆయనకు ప్రీతిపాత్రమైనవి స్ఫటికాలు. స్ఫటికాన్ని ఒత్తితే అందులో కాంతి నడక మారుతుంది. ఆ మార్పును చెప్పడానికి ఏ స్ఫటికానికి ఎన్ని సంఖ్యలు కావాలో జర్మనీ శాస్త్రజ్ఞుడు పోకెల్స్ 19వ శతాబ్దంలో పట్టిక వేశారు. లోకమంతా దానినే ప్రమాణంగా వాడింది. ఘన వర్గపు స్ఫటికాలు కొన్నింటికి అందులో 3 సంఖ్యలున్నాయి. 4 ఉండాలని 1942లో భగవంతం గారు లెక్కగట్టి చూపారు. ప్రయోగాలూ అదే రుజువు చేశాయి.

1952 నుండి 1957 వరకు ఉస్మానియా ఉపకులపతిగా, ఆపైన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. అంతటి బాధ్యతల నడుమ కూడా, 1964లో ఒక సహచరునితో కలిసి తన పద్ధతిని అయస్కాంత స్ఫటికాలకు విస్తరించారు.

అటువంటి వాటిలో ఒక రకం విచిత్రమైనది. పక్కపక్క పరమాణువుల అయస్కాంతాలు ఎదురెదురు దిక్కులు చూస్తుంటాయి గనుక బయటికి అయస్కాంతమే లేనట్లుంటుంది. లాంథనం, రాగి, ఆక్సిజను కలిసిన పదార్థం ఈ రకమే. అందులో కొంత లాంథనం తీసి బేరియం చేరిస్తే, అతిశీతలంలో విద్యుత్తు ఏమాత్రం నష్టం లేకుండా పారుతుందని 1986లో బెడ్నార్జ్, ముల్లర్ కనుగొన్నారు. మరుసటి ఏడే నోబెల్ బహుమతి వచ్చింది. అదెందుకు జరుగుతుందో అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం నేటికీ లేదు.

భగవంతం గారు 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. మన మనవలు మన మాటలో తప్పు పట్టినప్పుడు విసుక్కోకండి. తప్పు ఎంత పాతదైనా తప్పే. ఆనాడు నేను పెట్టవలసిన నోటు పెట్టి ఉంటే ఆ అటెండరు ఇంట్లో నాలుగు మెతుకులు ఎక్కువ ఉడికేవి.